పొట్టి తుపాకీ

ఆసారి సెలవు మీద వచ్చిన మా తమ్ముడు మాట్లాడడం మానేశాడు. సూరత్‌లో, పాండేసర మిల్లుల వెనక మాకున్నది ఒక్క గది. అందులో నలుగురం ఉండి, ఒకడు మూగనోము పడితే మిగతా ముగ్గురికీ ఊపిరాడదు. అన్నం బాగుందా అంటే తలూపడం, డ్యూటీ ఎట్లుంది అంటే తలూపడం. నాకైతే ఒళ్లు మండింది. ఫౌజులో చేరి మగ్గాల పీడ వదిలించుకున్నవాడికి ఇంకా ఏం తక్కువైందని? అమ్మ మాత్రం వాడి నోట నాలుగు మాటలు రాలితే చాలని కనబడ్డ దేవుడికల్లా మొక్కింది.

బాపుకి మగ్గాల చప్పుడుతో సగం చెవుడు. ఏదడిగినా అరిచే అడుగుతాడు. ఆదివారం అన్నాలయ్యాక, "నీకు ఏ తుపాకి ఇచ్చిన్రురా?" అని అరిచాడు.

తమ్ముడు తలెత్తాడు. "కార్బైన్, బాపూ. పొట్టిది."

అంతే, నోటికి వేసిన తాళం ఊడింది. దాని గొట్టం మూరెడు కూడా ఉండదట. వెనక కట్టె భుజానికి తగ్గట్టు ముందుకీ వెనక్కీ జరుగుతుందట. పైన బిగించిన అద్దంలో ఎర్ర చుక్క కనబడుతుందట, రెండు కళ్లూ తెరిచే గురి చూడొచ్చట. మీట రెండు పక్కలా ఉంటుందట. వాడిది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద ఎత్తితే బాపు మొట్టికాయ వేసేవాడు. "దానికి ఏ చెయ్యైనా ఒకటే" అని వాడు నవ్వాడు. ఆ నవ్వుకి అమ్మ కళ్లు నిండాయి. దాంతో ఇంకా ఇంకా అడిగాం.

"మీట ఎందుకురా?"

"ఒక దిక్కు పెడితే బంద్. ఇంకో దిక్కు ఒక్కొక్క గోలీ. మూడో దిక్కు ఆటో."

ఆటో అనగానే బాపు ముఖం వెలిగింది. ఆయన కార్ఖానాలో ఆటో మగ్గమంటే పోగు తెగగానే తనంతట తానే ఆగేది. "అయితే మంచిదే. తప్పు జరిగితే దానంతటదే ఆగుతది" అన్నాడు, పక్కింటికి వినపడేలా.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "ఆగదు బాపూ. ఆటో అంటే, వేలు తీసేదాక కొడ్తనే ఉంటది."

నేను మాట మళ్లించబోయాను. "చిన్నది గదా, చిన్న పనికే ఇస్తరేమో తియ్" అన్నాను. నా నోరు పడిపోను.

"పొడుగుది దూరానికక్కా. గిది ఇండ్లల్లకు పోయేటందుకు. తలుపు తన్ని లోపటికి పోతే పొడుగుది గోడకు తాకుతది, తిరగదు. గిదైతే తిరుగుతది."

పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని గిన్నెలు తోముతున్న అమ్మ చేతులు ఆగాయి. "నువ్వు గట్ల పోయినవా?"

"పోయిన."

"ఎంత దగ్గర ఉంటరు బిడ్డా వాళ్లు?"

వాడు గదంతా చూసి, చూపు ఆమె మీద నిలిపాడు. "నువ్వున్నంత దూరం. ముఖం మంచిగ కనబడుతది. ఒకాయన చేతులు లేపుతుండెనమ్మా. నేను చూస్తనే ఉన్న. నా వేలు మాత్రం లేవలేదు."

అమ్మ పీటను చేత్తో వెనక్కి జరుపుకుంది. జరిపిన సంగతి ఆమెకే తెలియదనుకుంటాను. ఇంకాస్త జరిపేసరికి వీపుకి గోడ తగిలింది. కన్నకొడుకుని చూసి మా అమ్మ భయపడింది. అది నేను చూశాను. వాడు నాకంటే ముందే చూశాడు.

వెంటనే తేరుకుని, తడిచేతులతోనే వచ్చి వాడి తల నిమిరింది. చాలాసేపు నిమిరింది. వాడు కదలకుండా కూర్చున్నాడు.

సెలవు ఇంకా మిగిలి ఉండగానే, మర్నాడు పొద్దున బ్యాగు సర్దుకున్నాడు. మా ఇళ్లల్లో గడప దాటేవాడు 'పోయొస్త' అంటాడు. వాడు "పోతున్న" అన్నాడు. మాలో ఎవరమూ సరిదిద్దలేదు.