నాకు రాని కడుపునొప్పి

నా చిన్నప్పుడు, ఏడెనిమిదేళ్ళ వయసులో, కొన్నాళ్ళపాటు నాకు కడుపునొప్పి ఉండేది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ నొప్పి ఎట్లా ఉంటుందో నాకొక్కదానికే తెలియదు. మా అమ్మ పట్టుకోమంది కాబట్టి పొట్ట పట్టుకుని వంగి నడిచేదాన్ని. అసలే నేను ఒకచోట కుదురుగా కూర్చునే పిల్లను కాదు. ఈ ముసలితనంలో కూడా నా కాళ్ళు ఊరికే ఉండవు. అట్లాంటిదాన్ని కళ్యాణదుర్గం ఆసుపత్రి దాకా బస్సులో మూలుగుతూ కూర్చోమంటే ఎంత కష్టమో మీరే చెప్పండి.

దీనికంతా కారణం మా చిన్నమ్మ, మా నాయన తమ్ముడి భార్య. ఆమెకు అంతకు ముందు రెండు కాన్పులు దక్కలేదు. రెండుసార్లూ చివరి నెలల దాకా వచ్చి పోయాయి. మా జేజి, అంటే మా నాయన తల్లి, ఇదంతా ఊరివాళ్ళ కళ్ళు పడే జరిగిందని గట్టిగా నమ్మింది. మొదటిసారి వీధి ఆడవాళ్ళందరినీ పిలిచి గాజులు తొడిగించిందట. రెండోసారి పిలవలేదు కానీ, సంతోషం ఆపుకోలేక కనిపించినవాళ్ళకల్లా చెప్పుకుందట. అందుకని మూడోసారి చిన్నమ్మ నెల తప్పగానే ఇంటిల్లిపాదికీ కట్టడి పెట్టింది. ఈ మాట గడప దాటకూడదు. పోయిన బిడ్డల ఊసు ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే వాళ్ళు ఈ బిడ్డను కూడా తోడు పిలుచుకుంటారు. ఆసుపత్రి మాట అసలే వద్దు, బస్సెక్కితే ఊరంతా చూస్తుంది.

ఆ యేడు చెనక్కాయలు విత్తిన తర్వాత వాన మొహం చాటేసింది. మా నాయన, చిన్నాయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేనికి పోయి, వాడిన మొలకలు చూసి, ఆకాశం చూసి తిరిగొచ్చేవాళ్ళు. ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. చిన్నమ్మ అయితే కొంగు నిండుగా కప్పుకుని, గుమ్మంలో ఎవరి అలికిడి అయినా చటుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయేది. తన బిడ్డను తానే ఎక్కడినుంచో దొంగిలించి తెచ్చుకున్నట్టు ఉండేది ఆమె వాలకం. నాకు జడలు వేసేదీ, పేలు చూసేదీ ఆమే. నాకు ఆమె అంటే ప్రాణం. ఆమె అట్లా దాక్కుంటుంటే నాకు ఏడుపు వచ్చేది.

మా అమ్మ జేజికి ఎదురు చెప్పే మనిషి కాదు. అట్లాగని ఊరుకునే మనిషీ కాదు. రెండుసార్లు ఆసుపత్రి గడప తొక్కకుండానే పోగొట్టుకున్నాం, మూడోసారి కూడా చేతులు కట్టుకుని కూర్చోవడమా అని లోలోపల కాగిపోయేది. ఒకరోజు పొయ్యి దగ్గరికి నన్ను పిలిచి, "నీకు కడుపునొప్పి వస్తాండాదే పాపా," అనింది. రాలేదమ్మా అన్నాను. "వస్తాండాదని నేను చెప్తాండా గదా!" అని కసిరింది. అంతే, నాకు కడుపునొప్పి వచ్చేసింది.

ఆమె ఉపాయం చిన్నదే. మూలిగే పిల్లను తీసుకుని తల్లి ఆసుపత్రికి పోతుంది. తల్లికి సాయంగా తోటికోడలు పోతుంది. చూసేవాళ్ళు పిల్లను చూసి అయ్యో అంటారే తప్ప తోటికోడలి వైపు ఎవరి కన్నూ తిరగదు. జేజికి కూడా నా నొప్పి సంగతే చెప్పింది. జేజి నన్ను ఎగాదిగా చూసి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా "పోయి రాపోండి," అనింది.

అట్లా నెలకొకసారి నాకు నొప్పి లేచేది. బస్సు కోసం నిలబడితే దారిన పోయేవాళ్ళు "యాడికి పోతాండారమ్మా?" అని అడగడం, మా అమ్మ నా వీపు మీద చిన్నగా గిల్లడం, నేను మూలగడం. కండక్టరు కూడా నన్ను గుర్తుపట్టి, "ఏమ్మే పాపా, మళ్ళా మొదలాయనా?" అని నవ్వేవాడు. అన్నిటికన్నా పెద్ద కష్టం ఇంట్లో ఉండేది. నొప్పి పిల్ల కాబట్టి జేజి నాకు చెనక్కాయలు, బెల్లం ఆపేసింది, పొద్దున్నే వాము నీళ్ళు తాగించేది. దానికి బదులుగా మా అమ్మ కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కొనిపెట్టేది. కడుపునొప్పి పిల్ల రెండు చేతులా బజ్జీలు తినడం మా ఊరివాళ్ళు ఎవరూ చూడకపోవడం మా అదృష్టం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేది. పొట్ట తడిమి చూసేది. కంటి రెప్ప కిందికి లాగి రక్తం తక్కువగా ఉందని మాత్రలు ఇచ్చేది. మొదటిసారి పోయినప్పుడే, ఇది ఎన్నో కాన్పని అడిగింది. చిన్నమ్మ మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ నేల వైపు చూసింది. "మొదటిదే," అనింది చిన్నమ్మ. జేజి కళ్ళుగప్పి అంత దూరం వచ్చిన ఇద్దరికీ జేజి పెట్టిన ఆ కట్టడి దాటడానికి మాత్రం నోరు రాలేదు. పోయినవాళ్ళ మాటెత్తితే ఏమవుతుందో అన్న భయం వాళ్ళకూ ఉండేది.

ఏడో నెలలో మేం బయలుదేరుతుంటే జేజి చీర మార్చుకుని వచ్చి నిలబడింది. పాపకు ఇన్నాళ్ళుగా నొప్పి తగ్గలేదు, ఏముందో నేనే డాక్టరును అడుగుతా అనింది. బస్సు ఎక్కేదాకా మా అమ్మ నా వీపు గిల్లుతూనే ఉంది. బస్సులో నేను ఎప్పటికన్నా గట్టిగా మూలిగాను. నాకిప్పటికీ బాగా గుర్తు, జేజి నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చూపంతా చిన్నమ్మ పాదాల మీదే ఉంది. ఆ పాదాలు ఉబ్బి, మెట్టెలు వేళ్ళలోకి దిగబడి ఉన్నాయి.

ఆసుపత్రిలో మా అమ్మ జేజిని ఎక్కడో దూరంగా కూర్చోబెడదామని చూసింది కానీ, అంతలోనే నర్సమ్మ చిన్నమ్మను గుర్తుపట్టి, "ఏమ్మా, ఈ పొద్దు ఇంత ఆలస్యమాయనే!" అని పిలిచింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు. నేను పొట్ట మీద నుంచి చేయి తీసేశాను. జేజి అరుస్తుందనుకున్నాం. ఆమె అరవలేదు. నా చేయి పట్టుకుని వాళ్ళ వెనకే గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరమ్మ చిన్నమ్మ కాలిని వేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి అట్లాగే ఉండిపోయింది. పట్టీ చుట్టి బీపీ చూసింది, మళ్ళీ చూసింది. తలనొప్పి ఉందా అని అడిగితే చిన్నమ్మ కొంచెం ఉందంది. కాస్త ఎక్కువగానే ఉంది, ఉప్పు తగ్గించు, విశ్రాంతి తీసుకో, వారంలో మళ్ళీ రా అని, మాత్రలు రాస్తూ, "మొదటి కాన్పే కదా?" అనింది. చిన్నమ్మ తల ఊపింది. జేజి వేళ్ళు నా మణికట్టును ఎంత గట్టిగా బిగించాయంటే నాకు నిజంగానే నొప్పి పుట్టింది.

"మొదటిది కాదు తల్లీ," అనింది జేజి.

గదిలో అందరం ఆమె వైపు తిరిగాం. జేజి నిలబడినచోటే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "రెండు పోయినాయి. రెండుమాట్లూ ఇట్లనే కాళ్ళు ఉబ్బినాయి. తలనొప్పని గోడకు తల ఆనిచ్చుకొని కూర్చొంటాండె. కండ్లు మసక అంటాండె. రెండోసారి ఫిట్స్ కూడా వచ్చె. మేము దిష్టి తీసి పండుకోబెట్టినాము." డాక్టరమ్మ రాయడం ఆపి ఒక్కొక్కటే అడిగింది. ఏ నెలలో పోయింది, బిడ్డ అప్పటికే చనిపోయి పుట్టిందా, ఎంత ఎదిగింది. జేజి అన్నిటికీ జవాబు చెప్పింది. అవన్నీ ఆమెకు గుర్తున్నాయి. మమ్మల్ని ఎవరినీ తలచుకోనివ్వని మనిషి, తాను ఒక్క రోజు కూడా మరచిపోలేదని ఆ రోజు తెలిసింది.

చిన్నమ్మ బల్ల మీద లేచి కూర్చుంది. పోయిన బిడ్డలను ఆమెకు చూపించనే లేదు. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగనివ్వలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. "ఏం బిడ్డలత్తా?" అనింది మెల్లగా.

"మొదట ఆడబిడ్డ. తర్వాత మగబిడ్డ. ఇద్దరికీ నీ మాదిరే ఒత్తుగా జుట్టుండె," అని జేజి కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నమ్మ ఏడ్చింది, మా అమ్మ ఏడ్చింది, ఎందుకో తెలియకుండానే నేనూ ఏడ్చాను. డాక్టరమ్మ ఏడుపులు కాసేపు సాగనిచ్చి, ఇది దిష్టి కాదు, బీపీ అని విడమరచి చెప్పింది. ఒకసారి అట్లా జరిగినవాళ్ళకు మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువట. ముందే తెలిసుంటే మొదటి నెల నుంచే ఇంకా దగ్గరగా కనిపెట్టి ఉండేదాన్నని, ఇప్పుడు మాత్రం ఇంటికి పంపనని చిన్నమ్మను అక్కడే ఉంచేసుకుంది. బయటికి వచ్చాక జేజి మా అమ్మతో, "పాప నొప్పి నేను నమ్మితి అనుకొంటివా?" అనింది. ఆసుపత్రికీ పోవాలి, ఊరికీ తెలియకూడదు. మా అమ్మ నాటకంలో ఆ రెండూ కుదిరాయి కాబట్టి తెలిసీ తెలియనట్టే ఉండిపోయిందట.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. జేజి చిన్నమ్మ దగ్గరే ఉండిపోయింది. చిన్నాయన సైకిలు మీద పోయి వచ్చి ఏ కబురు చెప్తాడో అని నేను వీధికీ ఇంటికీ తిరుగుతూనే ఉండేదాన్ని. అన్నం సయించేది కాదు. మధ్యలో ఒక వాన పడింది, ఎవరమూ సరిగా సంతోషపడలేదు. ఒకరోజు మా అమ్మతో కలిసి సంగటి, పప్పు తీసుకుని పోయేసరికి చిన్నమ్మను కాన్పు గదికి తీసుకుపోతున్నారు. బీపీ పెరిగింది, ఇంక ఆగడం మంచిది కాదన్నారు. ఆ పూట పనిలో ఉన్న నర్సమ్మ కొత్త మనిషి. ఎన్నో కాన్పని అడిగింది. చిన్నమ్మ ఎవరి మొహమూ చూడలేదు. "మూడోది," అని వరండా అంతా వినబడేటట్టు చెప్పింది. జేజి పక్కనే ఉంది. ఔనన్నట్టు తలూపింది.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు, అరచేతుల్లో ఇమిడేంత ఉంది, కానీ ఏడ్చింది. ఇప్పుడు ఆమెకే మనవలున్నారు.

ఈ రోజుల్లో మా ఊళ్ళో ఆశా కార్యకర్త ఇంటి గడప దగ్గరికే వచ్చి అడుగుతుంది, ఫోన్ చేస్తే బండి వస్తుంది. అయినా అడిగినదానికి సగం చెప్పి సగం మింగేసే అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళ వెనక మా జేజిలాంటి ఒక పెద్దావిడ ఉంటుంది, ఆమె కూడా ప్రేమతోనే నోరు మూయిస్తుంది. నేను కుదురుగా ఉండలేక మధ్యలో దూరతాను. ఆసుపత్రికి పోవడం సగమే తల్లీ, అక్కడ ఉన్నదంతా చెప్పడం మిగతా సగం అని పోరుతాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ.

నాకు పెళ్ళైన తర్వాత మొదటి కాన్పు నిలవలేదు. ఆ మాట ఎవరి దగ్గరా అనొద్దని మా అత్తగారు ఒట్టు వేయించుకుంది. మళ్ళీ నెల తప్పాక డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆమె నా పక్కనే కూర్చుంది. ఇదే మొదటిదా అని డాక్టరు అడిగింది. మా అత్తగారు నా వైపు తిరిగింది.

"రెండోది," అన్నాను.