నూకాలమ్మ గుట్ట మీద మోగిన తప్పెట

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎనభై దాటాను, త్వరలో వాటి మధ్యకే వెళ్ళాలి, ముందుగా పరిచయం చేసుకుంటే మంచిది కదా అని మా మనవడు ఎగతాళి చేస్తుంటాడు. అయినా నమ్మను.

నేను నమ్మేది కళ్ళతో చూసిన సంగతి. మలయాలో తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోటలో, నూకాలమ్మ గుట్ట మీదికి తుపాకులతో వచ్చిన నలభై మందిని నేను ఒక్కణ్ణే తరిమికొట్టాను. అనుమానం ఉంటే గుట్ట కింద ఉన్న బోర్డు చదువుకోవచ్చు. నా పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

ఇప్పుడు చిక్కంతా ఆ బోర్డుతోనే వచ్చింది. అది తుప్పు పట్టిపోయింది. గుట్టను చూసుకునే మా గుడి కమిటీ కుర్రాళ్ళు కొత్తది పెడతామంటున్నారు. చుట్టూ ఇళ్ళు లేచినా, తోట పోయి పామాయిలు వచ్చినా, గుట్ట మీద అప్పటి కందకం అలాగే ఉంది. దాన్ని బాగుచేసి బడి పిల్లలకు చూపిస్తారట. "జరిగింది జరిగినట్టు రాసివ్వండి తాతగారూ, బోర్డు మీద అదే వేయిస్తాం" అన్నారు.

పక్కనే ఉన్న మా ఆవిడ నూకరత్నం అందుకుంది, మాట చివర మలాయీ వాళ్ళ 'లా' తగిలించి.

"ఆ బోర్డు మీదుండాల్సింది మా అయ్య పేరు. ఈపాలైనా నిజం రాయి మావా. రాయకపోతే నానే ఎల్లి సెప్పేస్తాను లా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను గట్టిగా అడిగిన కోరిక ఇదొక్కటే. అందుకే రాస్తున్నాను.

ఎమర్జెన్సీ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తెల్లవాళ్ళను తుపాకీతోనే వెళ్ళగొట్టాలని కొందరు అడవిలోకి వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళను సర్కారు బందిపోట్లంది. దాన్ని యుద్ధమని మాత్రం ఎవరూ అనలేదు. ఒకే బావి నీళ్ళు తాగి పెరిగిన కుర్రాళ్ళు, కొందరు కంచె లోపలా కొందరు కంచె బయటా తుపాకులు పట్టుకుంటే, దాన్ని ఇంకేమనాలో నాకు తెలియదు.

మా కూలి లైన్ల చుట్టూ, అంటే కూలీల ఇళ్ళ వరుసల చుట్టూ, ముళ్ళకంచె వేశారు. ఒకటే గేటు. వండిన అన్నం ఆ గేటు దాటకూడదు. దాటితే అడవిలోకి చేరుతుందని భయం. చెట్లు గీసేవాళ్ళు ఉట్టి కడుపుతో వెళ్ళి, రబ్బరు పాలు స్టోరులో అప్పగించాక, ఇంటికొచ్చి తినేవారు. గేటు దగ్గర యూసుఫ్ అనే మలాయీ కాపలాదారు ఉండేవాడు. ఆడవాళ్ళ పాల బకెట్లలో కూడా పుల్ల పెట్టి కెలికి చూసేవాడు. మంచివాడే, కానీ రూలంటే రూలే.

మనుషులు ఎలాగో సర్దుకున్నారు. చిక్కు నూకాలమ్మకు వచ్చింది.

మా పెద్దలు విశాఖపట్నం వైపు నుంచి వస్తూ తెచ్చుకున్న తల్లి ఆవిడ. గుట్ట మీద ఒక రాయి, దానికి పసుపు, అంతే గుడి. ఏటా పండక్కి ఆడవాళ్ళు ఘటాల్లో పసుపన్నం నెత్తిన పెట్టుకుని గుట్టెక్కేవారు. ముందు మగవాళ్ళు గుండెల మీద తప్పెటలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, ఎగురుతూ వాయించేవారు. గుట్ట కంచెకు బయట ఉంది. అన్నం కంచె దాటకూడదు. అంటే అమ్మవారికీ రేషనే. పండగ ఆగిపోయింది. పైగా అక్కణ్ణుంచి తోటంతా కనిపిస్తుందని సైన్యం వాళ్ళు ఆ రాయి పక్కనే కందకం తవ్వి, ఇసుక బస్తాలు పేర్చి, తోటలోని మగవాళ్ళనే హోంగార్డులుగా కాపలా పెట్టారు. ప్రమాదం వస్తే కొట్టడానికి ఒక రైలు పట్టా ముక్కను కర్రకు వేలాడదీశారు.

తప్పెటల జట్టుకు పెద్ద సింహాద్రి. నూకరత్నం తండ్రి. ఆయన లైన్లన్నిటికీ వినపడేలా ఒక మాట చెప్పాడు: "పర్మిషన్ ఒచ్చినరోజే తప్పెట మీద సెయ్యేస్తాను. అంతదాకా దీనికీ ఉపాసమే." మిగతా వాళ్ళ తప్పెటలు లైన్లలోని భజన మందిరంలో పెట్టి తాళం వేశారు. తనది మాత్రం ఆయన వదల్లేదు. హోంగార్డు కాపలాకి గుట్ట మీదికి వెళ్ళినప్పుడు కూడా మెడలో వేసుకుని వెళ్ళేవాడు. లోపల ఉంటే చెమ్మకు తోలు పాడవుతుందనేవాడు. ఎండలో కూర్చుని దాన్ని నిమిరేవాడు తప్ప, ఒక్క దెబ్బ కొట్టేవాడు కాదు.

ఆయన కాపలా ఉన్న రోజే నేనూ కాపలా అడిగి వేయించుకునేవాణ్ణి. నేను తోట ఆఫీసులో గుమాస్తా కొడుకుని. తుపాకీ పట్టాల్సిన అవసరం నాకు లేదు. దేశభక్తి వల్ల చేరానని పాత బోర్డు మీద ఉంది. అది కూడా దిద్దాలి. నేను చేరింది సింహాద్రి కూతురి కోసం.

ఆ రోజు మధ్యాహ్నం దాటింది. వానమబ్బు పట్టింది. స్టోరులో పాలు అప్పగించి అందరూ లైన్లకు చేరారు, పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నాయి. గుట్ట మీద మేమిద్దరమే. సింహాద్రి తప్పెట గుండెల మీదికి లాక్కుని, మబ్బు వైపు చూసి విసుక్కుంటున్నాడు.

మొదటి గుండు ఆయనకే తగిలింది. ఆయన ఇసుక బస్తాల మీదికి ఒరిగిపోయాడు.

ఇక్కడ నా బోర్డులో నలభై మంది వస్తారు. నలభై మందిని నేను చూడలేదు. నేను కందకంలో బోర్లా పడుకున్నాను. బస్తాల సందులోంచి కాళ్ళు కనిపించాయి. ఓ పది మంది ఉంటారు. నూకరత్నం ఆరుగురంటుంది, సరే, అలాగే అనుకుందాం.

నా తుపాకీ ఎర్రగా కాలిపోయేదాకా పేల్చానని పెళ్ళిళ్ళలో చెప్పేవాణ్ణి. ఒక్కసారి పేల్చాను. అది ఎదురుగా ఉన్న రబ్బరు చెట్టుకు తగిలి పాలు కారాయి. రైలు పట్టా కొడదామంటే అది బయట వేలాడుతోంది. లేస్తే చస్తాను. లేవలేదు.

అప్పుడే నా తల మీద తప్పెట మోగింది.

ఘటాలు కదిలేటప్పుడు వేసే దరువు అది. నిదానంగా ఎత్తుకుని, ఊపందుకుని, గుట్ట దద్దరిల్లేలా మోగింది. నేను తల ఎత్తి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

కింద లైన్లలో ఏం జరిగిందో తరువాత అందరి నోటా విన్నాను. తుపాకీ చప్పుడును మొదట ఉరుమనుకున్నారట. అంతలో తప్పెట వినిపించింది. సింహాద్రి చెయ్యి వేశాడంటే పర్మిషన్ వచ్చినట్టే కదా. "పర్మిషన్ ఒచ్చినాదర్రా!" అని మొదట కేకేసింది నూకరత్నమే. ఉడుకుతున్న అన్నాన్నే ఘటాల్లోకి వంచి, పసుపు చల్లి, వేపరెబ్బలు గుచ్చి ఆడవాళ్ళు బయల్దేరారు. మగవాళ్ళు గజ్జెలు కట్టుకున్నారు. తమిళ లైన్ల వాళ్ళయితే మా వాళ్ళకంటే ముందే గేటు దగ్గరికి చేరారు. పండగ ఆగిపోయిందని వాళ్ళూ అంత ఆకలితో ఉన్నారు.

గేటు దగ్గర యూసుఫ్ చేతిలో పుల్ల ఉంది. ఘటాల్లో అన్నం ఆవిర్లు కక్కుతోంది. అతను గుట్ట వైపు చెవి పెట్టి, పక్కనున్న కాపలావాడితో "గెండాంగ్ లా! డెంగార్ తక్?" అన్నాడట. డోలు మోగుతోంది, వినపడట్లేదా అని. అలా అంటూనే గేటు తీసేశాడు.

వండిన అన్నం కంచె దాటింది. కెలికినవాడు లేడు, ఆపినవాడు లేడు.

తోట తోటంతా అరుస్తూ, ఎగురుతూ, గుట్ట మీదికి వస్తోంది. తుపాకుల మధ్యకు వస్తున్నామని ఒక్కరికీ తెలియదు. ఇంత ధైర్యం తెలిసి ఎవరూ చేయలేరు. బస్తాల సందులోంచి చూస్తూనే ఉన్నాను, ఆ కాళ్ళు ఆగాయి, వెనక్కి తిరిగాయి, చెట్ల మధ్యకు పోయాయి.

వాళ్ళలో ఒక కుర్రాడు తరువాత లొంగిపోయి, పక్క తోటలో పనికి చేరాడు. ఎందుకు వెళ్ళిపోయారని నేనే అడిగాను. "మా పిన్ని నెత్తిన ఘటంతో ముందు నడుస్తోంది అన్నా. పిన్నిని ఎలా కాలుస్తాం?" అన్నాడు. తప్పెట విన్నావా అంటే, విన్నాననే అన్నాడు.

జనంలో ఒక్కరికి గీత కూడా పడలేదు. నూకాలమ్మ ముందు ఘటాలు దిగాయి. ఆ తరువాతే నూకరత్నం ఇసుక బస్తాల వైపు చూసింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. సింహాద్రికి తగిలింది ఒకే గుండు, అదీ మొదటి గుండు. తప్పెటలోంచి దూసుకుని గుండెలోకి పోయింది. తగిలిన క్షణంలోనే ప్రాణం పోయిందని తోట ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సర్ చెప్పాడు. తప్పెట తోలు నా పిడికిలి దూరేంత చీలిపోయింది. నేను దాని మీద కొట్టి చూశాను. తడిగుడ్డను కొట్టినట్టు ఉంది.

మిగతా తప్పెటలు భజన మందిరంలో, తాళం లోపల ఉన్నాయి. వాయించేవాళ్ళందరూ గుంపులోనే ఉన్నారు. ఉరుమనుకుందామంటే, ఉరుము ఘటాల దరువు వేయదు.

ఇక ఆ బోర్డు సంగతి. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు, పాత రబ్బరు చెట్లు కొట్టేసి కొత్తవి నాటుతూ, గుట్టను కూడా చదును చేయమన్నాడు తోట దొర. ట్రాక్టరు వచ్చి నిలబడింది. నాకు ఇంగ్లీషు వచ్చు కనుక పెద్దలు నన్ను పంపించారు. అప్పటికి నూకరత్నం నా భార్య. వెళ్ళేముందు ఒకటే మాట అంది: "అయ్య పడిపోయిన సోటు పోకూడదు."

దొర ముందు నిలబడి ఆలోచించాను. చచ్చిపోయినవాడు చిరిగిన తప్పెట వాయించాడని చెబితే, నవ్వి ట్రాక్టరు తోలేస్తాడు. ఆయన పెద్ద యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాను. నలభై మంది, ఒక్క తుపాకీ, నేను. చెబుతుంటే నాకే రోమాలు లేచాయి. దొర లేచి నిలబడి చెయ్యి కలిపాడు. యుద్ధభూమిని దున్నకూడదన్నాడు. ట్రాక్టరు వెనక్కి పోయింది. గుట్ట చుట్టూ సిమెంటు గట్టు కట్టించి, ఆ బోర్డు కూడా ఆయనే పెట్టించాడు. నేను కోసిన కోతల మీదే ఆ గుట్ట ఇవాళ్టికీ నిలబడి ఉంది. దానికి మాత్రం నేను సిగ్గుపడను.

మెర్డెకా రోజున మా గుట్ట మీద జరిగిన పండగ కౌలాలంపూర్‌లో కూడా జరిగి ఉండదు. సరే, అక్కడా బాగానే జరిగి ఉంటుంది. సింహాద్రి తప్పెటకు కొత్త తోలు బిగించారు. ఆయన తమ్ముడు దాన్ని గుండెల మీద కట్టుకున్నాడు. మొదటి ఘటం నూకరత్నం ఎత్తింది. యూసుఫ్ పిల్లల్ని తీసుకుని వచ్చి, మా అందరికంటే గట్టిగా "మెర్డెకా!" అని అరిచాడు. కంచె అలాగే ఉంది, గేటు బార్లా తెరిచి ఉంది, అన్నం నిండిన ఘటాలు బారులుగా దాటి వెళ్ళాయి. కంచె వేశాక ఎవరి అనుమతీ అడగకుండా మేము గుట్టెక్కడం అదే మొదలు.

ఇదీ జరిగింది. కొత్త బోర్డు మీద సింహాద్రి పేరు వేయండి. నా పేరు కింద ఎక్కడైనా చిన్నగా వేస్తే వేయండి, మానేసినా సరే. వేస్తే బాగుంటుంది. ఇందులో పెంచి రాసింది ఇక ఏదీ లేదు. ఆ తప్పెట ఎవరు వాయించారో ఇవాళ్టికీ నాకు అంతు చిక్కలేదు.

ఇంతవరకూ రాసి నూకరత్నానికి చదివి వినిపించాను. ఆమె మునగాకు దూస్తూ ఆఖరిదాకా వింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది.

"బాగుంది. అయ్య పేరెట్టినావు, సాలు. ఒక్క ముక్క కొట్టెయ్యి."

"ఏ ముక్క?"

"నీ తల మీద తప్పెట మోగినాదని రాసినావు సూడు, ఆ ముక్క. నువ్వెక్కడ ఇన్నావు మావా? నాను ఘటం దించగానే కందకంలోంచి తల పైకెట్టి ఏటడిగినావు? 'ఎందుకొచ్చినారర్రా, ఎవులు పిలిసినారు మిమ్మల్ని?' అని కదా అడిగినావు. లైన్లన్నీ ఇన్నాయి. గేటుకాడ యూసుఫ్ ఇన్నాడు. నిన్ను సంపడానికొచ్చినోళ్ళు కూడా ఇన్నారు. అయ్య పక్కనే తొంగున్న నీకొక్కడికే ఇనబళ్ళేదు."