మూడో బిడ్డ ప్రతిష్ఠ

మా బాప్టిస్టు సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. తల్లి బిడ్డను ఎత్తుకుని గుడిలో ముందుకి వెళ్లాలి. "ఈ బిడ్డను ప్రభువు భయభక్తుల్లో, ఓర్పుతో పెంచుతావా?" అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. "పెంచుతాను" అంటే, ప్రార్థన చేసి బిడ్డను దేవుడికి ప్రతిష్ఠిస్తారు. మొదటి ఇద్దరికీ నేను వెనక చాపల మీద కూర్చున్నవాళ్లకి కూడా వినబడేలా అన్నాను. తెలియనితనానికి గొంతు పెద్దది.

అరవైల చివర్లో మూడోవాడు పుట్టేసరికి రాజాంలో ఉన్నాం. మా ఆయనకి మలేరియా డిపార్టుమెంటులో ఉద్యోగం. ఎప్పుడు చూసినా పాతపట్నం వైపు క్యాంపులే. నేను స్కూలు టీచర్ని. ఊక పొయ్యి, బావి నీళ్లు, ముగ్గురు పిల్లలు. సాయంత్రానికి తల ప్రాణం తోకకి వచ్చేది. అయినా మా అమ్మలాంటి తల్లిని కావాలని నా పట్టుదల. ఏడుగురిని పెంచింది, ఒక్కరి మీద గొంతెత్తి ఎరగదు. ఈ మాట నేనే ఊరందరికీ చెప్పేదాన్ని.

ప్రతిష్ఠ రోజు పొద్దున్న మా పెద్దది, అయిదేళ్ల పిల్ల, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల గౌను మీద చోడంబలి, అదే రాగంబలి, ఒలకబోసుకుంది. లాగి లెంపకాయ కొట్టాను. అది ఏడవలేదు. ఇంకో దెబ్బ పడుతుందని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గుడిలో అయ్యగారు అడిగారు. ముందు వరసలో, నరసన్నపేట నుంచి తొలి బస్సుకి వచ్చిన మా అమ్మ. ఆమె పక్కన బుగ్గ మీద నా వేళ్ల గుర్తులతో నా కూతురు. నేను బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను. ఆయన మళ్లీ అడిగారు.

"నాకు సేతకాదు అయ్యగారూ. ఇద్దర్ని ఓర్పుతో పెంచడమే సేతకానేదు. మళ్లీ దేవుడి ముందల అబద్ధమాడనేను" అన్నాను.

ప్రతిష్ఠ లేకుండానే వాడిని ఇంటికి తీసుకుపోవాలేమో అనుకున్నాను. సిగ్గు కన్నా అలసటే ఎక్కువగా ఉంది. ఎవరేమైనా అనుకోనీ, కాసేపు కూర్చోనిస్తే చాలనిపించింది.

మా అమ్మ లేచింది. "దాన్నలా సూడకండి అయ్యగారూ. నాకు మాత్రం సేతనయిందేటి? దీన్ని కొట్టి ఓపాలి సీపురుకట్టే ఇరగ్గొట్టేను. నానెప్పుడూ కసరనేదని ఊరంతా సెప్తాది, సిగ్గుతో సస్తన్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. కాదందామనుకున్నాను గానీ, ఆ చీపురుకట్ట నా వీపుకి గుర్తే. ఇన్నేళ్లూ దాన్ని ఎందుకు వదిలేసి చెప్పానో నాకే తెలియదు.

"సేతనయితే దేవుణ్ణి అడగడం ఎందుకమ్మా? బిడ్డనిలా ఇయ్యి" అని అయ్యగారు చేతులు చాపారు. ఆ ప్రార్థనలో వాడి కోసం రెండు మాటలు, మిగతాదంతా నా కోసమే.

ఆ రోజుతో నా ఓర్పేమీ పెరగలేదు. ఇంటికొచ్చాక కూతురి పక్కన చతికిలబడి, "తప్పయిపోనాదమ్మా" అన్నాను.

"మళ్లీ కొడతావేటి?" అంది.

అంతకుముందైతే కొట్టనని ఒట్టేసేదాన్ని. "ఏమోనమ్మా. కొట్టకుండా సూడమని రోజూ దేవుణ్ణి అడుగుతాను" అన్నాను.

అది జరిగి వచ్చి నా ఒళ్లో కూర్చుంది. నేను గోడకి జారబడి అలాగే నిద్రపోయాను.