గీత పడిన పాట

మైకు సాయిబుగారు పోయిన సంగతి ఆయన కట్టిన మైకే చెప్పింది. డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున మసీదు హారన్లోంచి ఆయన పేరు వినిపించింది, మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననమని చెప్పారు. ప్రతి మాటా స్పష్టంగా ఉంది. ఎక్కడా కీచుమనలేదు. కీచుమంటే ఆయన ఊరుకునేవారు కాదు.

మా ఊళ్ళో పెళ్ళికైనా, చవితి పందిరికైనా, క్రిస్మస్‌కైనా మైకు సెట్టు ఆయనదే. సాహితీ సమితి సభలకూ ఆయనదే. ముప్పై ఏళ్ళు ఆ మైకు ముందు నిలబడి ఒకరినొకరు మహాకవులని పిలుచుకున్న పెద్దలు ఆయనకి సంతాపసభ పెట్టలేదు. పెడితే మైకు ఎవరు తేవాలన్న సందేహం వచ్చిందేమో. అందుకని నేను రాస్తున్నాను.

సినిమా పాటలంటే నాకు పడదని ఊళ్ళో అందరికీ తెలుసు. కాలేజీలో తెలుగు చెప్పినవాడికి అది మర్యాదే అనుకున్నారు. అసలు కారణం వేరు. ఉద్యోగం రాకముందు రెండేళ్ళు మద్రాసులో ఒక పెద్ద సినీకవి దగ్గర రాతపని చేశాను. ఒక సినిమాలో క్రిస్మస్ సీనుకి ఆయనకి పల్లవి కుదరలేదు. నేను రాసిచ్చాను: 'నడిచిరా, నడిచిరా, వేగుచుక్కా, మా వాకిలి దాకా.' తాళానికి ఎక్కువైందని సంగీత దర్శకుడు ఒక 'నడిచిరా' కోసేశాడు. మిగిలిందంతా కవిగారు తీసుకున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకి కావలసినంత పేరుంది, అందులో కాస్త నాది.

సినిమా పోయింది, పాట నిలిచింది. డిసెంబరు వస్తే చాలు, చర్చి మీది హారన్లోంచి పొద్దున్నే అదే. పత్తి తీసే ఆడవాళ్ళు చేలో అదే పాడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఆ పాట వెయ్యొద్దని చెప్పడానికే సాయిబుగారి కొట్టుకి వెళ్ళాను.

రికార్డు తిరుగుతోంది. దాని మీద గీత పడింది. 'నడిచిరా' అనగానే సూది వెనక్కి దూకి మళ్ళీ 'నడిచిరా' అంటోంది. వదిలేస్తే సాయంత్రం దాకా అదే మాట అంటుంది. రెండోసారి అవగానే ఆయన పెట్టె అంచు మీద గోటితో టక్కున కొట్టారు. సూది ముందుకు సాగింది.

"ఏం మాస్టారూ, అట్టా నిలబడిపోయారు?"

"ఆ రికార్డు మార్చరాదూ?" అన్నాను. చెప్పాలనుకున్నది అది కాదు.

"గుంటూర్లో కొత్తది దొరుకుద్దండీ. తెమ్మంటారా?"

"వద్దు" అన్నాను. ఎందుకు వద్దో చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఆ స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన సూది ఎత్తి, వేలితో దుమ్ము తుడిచి, పాట మళ్ళీ మొదటికి పెట్టారు.

"అయితే మా సూది మీ పక్షమేనండీ. వాళ్ళు కోసింది ఇది కుట్టేసింది."

ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను.

"చెప్పనండీ. నా గొంతులో హారన్ లేదుగా."

ఆ తర్వాత ఆయన కొత్త రికార్డు కొనలేదు. క్యాసెట్లు వచ్చినప్పుడు ఆ పాతదాన్నే ఎక్కించారు, గోటి దెబ్బతో సహా. ఆ క్యాసెట్టే పెన్‌డ్రైవులోకి వెళ్ళింది. మా ఊరి పిల్లలకి ఆ పాట అలాగే వచ్చు. 'నడిచిరా' రెండుసార్లు, ఆ టక్కు దగ్గర అందరూ ఒక్క చప్పట. ఎందుకు కొడతారో వాళ్ళకే తెలియదు.

ఆయన మైకులోకి ఊది చూసేవారు కాదు. సభకి ముందు అరచేయి అడ్డం పెట్టి, మామూలుగా మాట్లాడి చూసేవారు. వక్తలు సౌండు పెంచమని గోల చేస్తే ఒకటే మాట: "పెంచితే చప్పుడు పెరుగుద్దండీ, మాట పెరగదు." నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఇంత పనికొచ్చే వాక్యాలు తక్కువ.

కొన్నేళ్ళ క్రితం మా ఊరి అమ్మాయి ఒకతె టీవీ పాటల పోటీలో, క్రిస్మస్ ప్రత్యేక కార్యక్రమంలో, ఈ పాట పాడింది. రెండు 'నడిచిరా'లు, తొడ మీద చిన్న చప్పట. జడ్జి మొహం చిట్లించాడు. అసలు పాటలో ఆ మాట ఒక్కసారే ఉందనీ, సాహిత్యాన్ని గౌరవించడం నేర్చుకోమనీ ఆ పిల్లకి చెప్పాడు. సాయిబుగారి కొట్లో టీవీ ముందు పదిమందిమి ఉన్నాం.

"ఆడికేం తెలుసురా, ఆడి మొహం!" అన్నాడొకడు.

నాకు పళ్ళు కొరుక్కోవడం తప్ప దారి లేదు. సాయిబుగారు నా వైపు చూడకుండా టీ ఊదుకుంటూ అన్నారు: "పాపం, ఆయన దగ్గర గీత పడని రికార్డు ఉన్నట్టుందిలే."

నేను పగలబడి నవ్వాను. మాస్టారు కూడా నవ్వుతారని ఆ రోజే ఊళ్ళో కొందరికి తెలిసింది.

ఆయన సమాధి మీద మట్టి వేసి వస్తుంటే నాకు తట్టింది స్వార్థపు ఆలోచనే. ఆ పాట నాదని తెలిసిన ఒకే ఒక్క మనిషి పోయారు. ఇక నేనే చెప్పుకుంటే ముసలాడి చాదస్తమంటారు.

మొన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ ఆచారం ప్రకారం, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు సాయిబుగారి భార్య గడప దాటరు, పరాయి మగవాళ్ళ ఎదటికి రారు. నేను వసారాలో కూర్చున్నాను. ఆవిడ పరదా వెనక నుంచే నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. అంతలో చర్చి పిల్లలు క్యారల్స్ పాడుకుంటూ వీధిలోకి వచ్చారు. చావు జరిగిన ఇల్లని గుర్తొచ్చి గేటు ముందు గప్‌చిప్ అయిపోయారు.

"ఆపారేందిరా? పాడండి," అని లోపల్నుంచి ఆవిడ కేకేశారు. "వేగుచుక్క పాట పాడండి. రాసిన మాస్టారు ఇక్కడే కూర్చున్నారు."

ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నారనుకున్న మాటని సాయిబుగారు ఏనాడో తప్పారన్నమాట. మాట తప్పినవాళ్ళని నేను క్షమించిన దాఖలా లేదు. ఈయన్ని ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

పిల్లలు నా వైపు చూసి, ఒకరినొకరు చూసుకుని, ఎత్తుకున్నారు. నడిచిరా, నడిచిరా. చప్పటకి చేతులు లేచాయిగానీ, ఆ ఇంటి ముందు కొట్టలేక గాల్లోనే ఆగిపోయాయి. పాట కూడా ఆగింది.

పరదా వెనక, తలుపు చెక్క మీద, గోటితో ఒక్క దెబ్బ. టక్.

పాట ముందుకు సాగింది.