దాదీకి వినిపించని ఉత్తరం

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక వార్త చూపించింది. ఇంగ్లండులో ఏదో ఊళ్లో ముస్లింలు కొత్త మసీదు కట్టుకున్నారట, పొరుగు తెల్లవాళ్లు కూడా ప్రారంభానికి వచ్చారట. ఊరి పేరు చూసి ఉలిక్కిపడ్డాను. ఒకప్పుడు ఉత్తరాల మీద ఆ పేరును ఎన్నిసార్లు బిగ్గరగా చదివానో, మేమంతా దాదీ అని పిలిచే పక్కింటి ముసలమ్మ కోసం.

ఆర్మూరులో మా నాన్నది పసుపు అడ్తి దుకాణం, రైతుల పసుపును కమీషన్‌కు అమ్మిపెట్టేవాడు. దుకాణం వెనక మా ఇల్లు, గోడ అవతల దాదీ ఇల్లు. ఆమె చిన్నకొడుకు సైకిళ్లు బాగుచేసేవాడు. పెద్దకొడుకు నేను పుట్టకముందే ఇంగ్లండులో బట్టల మిల్లు పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. అతని కూతురికి ఉర్దూ రాయడం రాదు, దాదీకి ఉత్తరాలు ఇంగ్లీషులో రాసేది. ఇంటర్ చదువుతున్న నేనే మా వీధికి ఇంగ్లీషు పండితురాలిని. తెలియని మాట వస్తే దగ్గేదాన్ని. దాదీ మంచినీళ్లు తెచ్చేలోపు ఏదో ఒక అర్థం కల్పించేదాన్ని.

వాళ్ల బతుకు నాకు ఆ ఉత్తరాల్లోనే తెలిసింది. మొదట్లో అక్కడ మసీదు లేదు. మిల్లు మనుషులంతా ఒకరి ఇంటి ముందుగదిలో వంతులవారీగా నమాజు చేసేవారట. తర్వాత మసీదు కోసం మూతబడిన బడి ఒకటి కొనుక్కుంటే, వద్దంటూ ఆ వీధి తెల్లవాళ్లు అర్జీ మీద సంతకాలు పెట్టారు. దాదీ అది విని నవ్వింది. "నమాజుకు గూడ సంతకాలా బిడ్డా?"

గల్ఫ్ యుద్ధం వచ్చిన చలికాలం. ఊరంతా పసుపు ఉడికే వాసన. మగవాళ్లు సౌదీలో ఉన్న ఇళ్లలో రేడియో ఆగేది కాదు. అప్పుడే ఒక ఉత్తరం వచ్చింది. "బళ్లో నన్ను శత్రువు అంటున్నారు. తలమీది గుడ్డ లాగేశారు. నమాజు చేసే బడి కిటికీలు పగలగొట్టారు. దాదీ, ఒక్క ఏడాది నీ దగ్గర ఉండనా? నువ్వు పిలిస్తే పంపుతానని అబ్బా అన్నాడు."

దాదీ బీపీతో దవాఖానలో పడి అప్పుడే ఇంటికొచ్చింది. మనసుకు కష్టం కలిగించొద్దని డాక్టరు చెప్పాడు. నేను ఒకసారి దగ్గి, అక్కడ మంచు పడుతోందట అన్నాను. పరీక్షలు బాగా రాసిందట అన్నాను.

"నన్ను యాద్ జేసిందా?"

"చేసింది దాదీ. సలాం చెప్పింది."

"మంచిగ సదువుకొమ్మను. సలికి జర పైలమని రాయి."

అంతే రాసి పంపాను. ఆ తర్వాత ఉత్తరాలు పొట్టివయ్యాయి, ఆగిపోయాయి. "పోరి పెద్దగైంది, గిప్పుడు మనం ఏం యాదికుంటం?" అని దాదీ మనుమరాలిని వెనకేసుకొచ్చేది. చెప్పేద్దామని ఎన్నోసార్లు ఆ ఇంటి గడపదాకా వెళ్లాను. ఆమె చాయ్ పోసి ఇచ్చేది, తాగి వచ్చేసేదాన్ని. రెండేళ్లకు దాదీ పోయింది.

మరి కొన్నేళ్లకు మనుమరాలు తండ్రితో వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయింది, ఆ రోజు పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఉత్తరాలు చదివింది నేనేనని విని నా దగ్గరికి వచ్చి, సగం ఉర్దూలో సగం ఇంగ్లీషులో అడిగింది. "దాదీ నన్నెందుకు పిలవలేదు?"

ఈసారి దగ్గలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె గోడ అవతల దాదీ ఇంటివైపు తిరిగింది.

"నాకప్పుడు పధ్నాలుగేళ్లు. ఆమెకు నేను అక్కర్లేదనుకున్నాను. అక్కడ పొమ్మన్నారు, ఇక్కడ రమ్మనలేదు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికయ్యేదేమో.

ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి ఆర్మూరుకు ఉత్తరం రెండు వారాల్లో వచ్చేది. నా చేతిలోంచి దాదీ చెవిదాకా చేరడానికి మాత్రం ఆమెకు మిగిలిన కాలం చాలలేదు.