అబూ గానిమ్ పెన్సిలు

కువైట్‌లో పాత కంప్యూటర్లంటే పిచ్చి ఉన్న మా బృందం శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు కాగానే ధారీ ఇంటి దివానియాలో, అంటే అతిథులు కూర్చునే గదిలో చేరుతుంది. ఆ వారం నేను పట్టుకెళ్లిన ఆట క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎంతకూ ఎక్కలేదు. టేపు రికార్డరు కీచుమంటుంది, తెర మీద తప్పు చూపిస్తుంది, అంతే.

“పారెయ్యవయ్యా! అదే ఆట నా ఫోన్లో ఉంది, క్షణంలో ఆడెయ్యొచ్చు,” అన్నాడు ధారీ.

నాకు ఒళ్లు మండింది. ఫోన్లో ఆడుకునేవాడు ఇన్ని పాత డబ్బాలు ఇంటినిండా ఎందుకు పోగేసినట్టు?

మూలనుంచి అబూ గానిమ్ లేచి వచ్చాడు. టెలిఫోన్ లైన్లు బాగుచేసి రిటైరైన మనిషి. రెండు చెవులకూ వినికిడి యంత్రాలే.

“మీకు చెవులే పనిచెయ్యవు, టేపేం వింటారు అబూ గానిమ్?” అన్నాడు ధారీ.

“నీ మాటలు వినపడకపోవడం దేవుడు చేసిన మేలేరా.”

యంత్రాలు రెండూ తీసి టీ గ్లాసు పక్కన పెట్టాడు. పెన్సిలు ఒక కొన పళ్లతో కరిచి, రెండో కొన బల్ల మీది రికార్డరుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెవులు పోయాక శబ్దాన్ని దవడ ఎముకతో పట్టడం తనకు తానే నేర్చుకున్నాడు. సన్న స్క్రూడ్రైవరుతో లోపల టేపును చదివే భాగం పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు. ఇంకాస్త తిప్పాడు. కీచు నిలకడైంది. తెర మీద ఆట బొమ్మ ఒక్కో గీతగా దిగసాగింది.

అందరం కేకలేశాం. ధారీ అయితే ఆనందం పట్టలేక బల్ల మీద దబదబా చరిచాడు.

అబూ గానిమ్ పెన్సిలు వదలకుండానే పళ్ల సందునుంచి గద్దించాడు.

“బల్ల కొట్టకండ్రా! నాకేం వినపడట్లేదు!”