గంజి పెట్టిన కాలు

మా అమ్మాయి కాలు ఎలా విరిగిందో ఇన్నేళ్ళలో రకరకాలుగా చెప్పాను. ఏనుగు తరుముకొస్తే పరిగెత్తి పడిందని మనవలకు చెప్పాను. తాడిచెట్టు ఎక్కి పడిందని మా వియ్యంకుడికి చెప్పాను. ఆయన పాపం ఒక పూటంతా నా కూతురి వంక అదోలా చూశాడు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఉన్నదే రాస్తాను. కుదిరినంతవరకూ.

మేం నేతపనివాళ్ళం. పామర్రు అవతల మా ఊళ్ళో ఇంటింటికీ గుంట మగ్గం ఉండేది. నేసేవాడు కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో తవ్విన గుంట, దాని మీద మగ్గం. డెబ్బైల్లో ఒక ఏడాది బెజవాడలో ఎగ్జిబిషన్ పెట్టారు. ఇప్పటిలా నీళ్ళలో జారే పార్కులు ఎక్కడివి మాకు? ఎగ్జిబిషనే మాకు సింగపూర్. అందులో జెయింట్ వీల్ వచ్చిందని తెలిసి, తీసుకెళతానని అమ్మాయికి మాటిచ్చాను. పక్కింటి పిల్లలు అప్పటికే ఎక్కి వచ్చారు. పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అయిపోతుందనీ, అలవాటు లేనివాళ్ళు ఏడుస్తారనీ దానికి చెప్పారు. మా పిల్లకు ఎనిమిదేళ్ళు. ఏడవడం దానికి నామోషీ. అందుకని సాధన మొదలుపెట్టింది. ఖాళీగా ఉన్న మగ్గం గుంటకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గెంతడం, గాల్లో ఉన్నప్పుడు కడుపు ఏమవుతోందో చూసుకోవడం. గెంతి గెంతి ఒకసారి అంచు అందక లోపల పడింది. మోకాలు లోతు గుంట. అందులో ఏనుగు పట్టదు.

డాక్టరు గారు తొడ సగం నుంచి వేళ్ళ దాకా పిండికట్టు వేశారు. కట్టు వేస్తున్నంతసేపూ కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి మంచం మీద పడుకోబెట్టాక అడిగింది.

"నాన్నా, ఈ కట్టు తీసేదాకా చక్రం ఉంటుందా?"

ఉండదు. ఆ ఆదివారంతో ఎగ్జిబిషన్ పీకేసి ఇంకో ఊరు పట్టుకుపోతారు. ఆ మాట చెప్పగానే గోడవైపు తిరిగింది. అలా తిరగడానికి కట్టు అడ్డమొస్తే కాలుని చేతులతో ఎత్తుకుని మరీ తిరిగింది. నాకు అక్కడే మనసు కరిగిపోయింది.

డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన నా మొహం చూడకుండానే, "కాలు నేల మీద ఆనించకూడదు. కట్టు తడవకూడదు. ఈ రెండూ గుర్తుంటే ఎక్కడికైనా తీసుకెళ్ళవయ్యా, నన్ను మాత్రం అడగొద్దు" అన్నారు. డాక్టరు గారే బెజవాడ తీసుకెళ్ళమన్నారని ఇంటికొచ్చి చెప్పాను.

"ఆయన అన్నారా, మీరు అనిపించారా?" అంది మా ఆవిడ.

"ఒకటేగా."

"ఆడపిల్ల. కాలు వంకరగా అతుక్కుంటే రేపు మీరు నడుస్తారా దాని బదులు?"

అలా అంటూనే ఆదివారం తెల్లారేసరికి పులిహోర కలిపింది. మా ఆవిడ ఒప్పుకోవడం ఎప్పుడూ నోటితో ఉండేది కాదు.

బస్సులో పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కాలిని అడ్డంగా మా ఇద్దరి ఒళ్ళో పరిచాం. కంకిపాడు వచ్చేసరికి ఆ కాలు బస్సుకంతటికీ చుట్టమైపోయింది. ఒకాయన తన మోచెయ్యి విరిగిన సంగతి చెప్పాడు. ఇంకొకావిడ వాళ్ళ మామగారి తుంటి ఎముక సంగతి చెప్పింది. కండక్టరు వచ్చి, "ఇదేంటండీ, కాలికి ఒక సీటా?" అన్నాడు.

"సర్కస్ పిల్లండీ. ఉయ్యాల మీంచి పడింది" అన్నాను నేను. ఎందుకన్నానో నాకు తెలియదు. నోరు అలా తెరుచుకుంటుంది.

"ఏ సర్కసమ్మా?" అని పిల్లను అడిగాడు.

"మా ఇల్లే" అంది అది. బస్సు బస్సంతా నవ్వింది. మా ఆవిడ కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చుంది గాని, ఆవిడ భుజాలు కూడా కదిలాయి.

బెజవాడ దిగాక ఎగ్జిబిషన్ తెరిచే వేళకు ఇంకా చాలా పొద్దుంది. బెజవాడ వచ్చి కృష్ణ నీళ్ళు నెత్తిన చల్లుకోకుండా మా వాళ్ళెవరూ ఇంకో పని పెట్టుకోరు. రిక్షా కట్టించుకుని రేవుకు వెళ్ళాం. పిల్లను మెట్ల మీద నా ఒళ్ళో పెట్టుకున్నాను. కట్టు తడవకుండా కాలిని పైమెట్టు మీదికి ఎత్తి పెట్టాను. మా ఆవిడ నీళ్ళలోకి దిగి దణ్ణం పెట్టుకుంది. పైకొచ్చి పిల్ల నెత్తిన నాలుగు చుక్కలు చల్లింది. అక్కడితో ఆగితే బాగుండేది. కన్నతల్లి కదా, విరిగింది నెత్తి కాదు కదా అనుకుంది. తడిసిన చెంగు తీసుకెళ్ళి, "అమ్మా కృష్ణమ్మా, తొందరగా అతుక్కునేట్టు చూడు తల్లీ" అంటూ సరిగ్గా కట్టు మీద పిండింది. నేను నోరు తెరిచేలోపు రెండోసారి కూడా పిండింది.

నీళ్ళు ఇంకిపోయాయి. మడమ దగ్గర పిండి మెత్తబడి, వేలు పెడితే సొట్ట పడింది.

"కట్టు తడవకూడదన్నారు డాక్టరు గారు" అన్నాను. మా ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "డాక్టరు గారు చెప్పింది నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను."

చెప్పలేదు. బెజవాడ తీసుకెళ్ళమన్నారనే సగమే చెప్పాను. మిగతా సగం దారిలో చెబుదామనుకున్నాను.

"ఇంటికి పోదాం పదండి. ఇప్పుడే బస్సెక్కుదాం" అంది. పిల్ల నది వైపు చూస్తూ పెదాలు బిగించింది. గోడవైపు తిరిగిన మొహమే అది. అప్పుడు నా బుర్రలో మగ్గం ఆడింది. నేతపనివాడికి మెత్తబడింది ఏది చేతికొచ్చినా తోచేది ఒకటే ఉపాయం. దారం మెత్తబడితే ఏం చేస్తాం? గంజి పెడతాం.

రేవు దగ్గర ఒక భోజన హోటలు ఉంది. పిల్లను భుజాన వేసుకుని వెనక వాకిట్లోంచి వెళ్ళాను.

"గంజి ఉందా అండీ?" అన్నాను వంటాయనతో.

"ఉంది. ఉప్పేసి ఇవ్వమంటారా?"

"ఉప్పొద్దండీ. చిక్కటిది కావాలి."

"మజ్జిగ పోయనా?"

"తాగడానికి కాదండీ, కాలికి."

ఆయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. కాలు చూశాడు, నన్ను చూశాడు. ఏమనుకున్నాడో, పెద్ద గిన్నె నిండా అడుగు గంజి పోసి ఇచ్చి, ఎలా చేస్తానో చూద్దామని అక్కడే పీట వేసుకుని కూర్చున్నాడు. నేను కొబ్బరిపీచు తడిపి, వీధిలో పడుగు దారాలు బారుగా చాచి గంజి పెట్టినట్టే, తొడ నుంచి మడమకు ఒకే దిక్కుగా దువ్వాను. ఉండలు కట్టకుండా దువ్వాను. ఎండలోకి జరిపి విసనకర్రతో విసిరాను. మా ఆవిడ కూడా కోపం మరిచిపోయి, "అక్కడ పలచగా పడింది, ఇంకో చెయ్యి వెయ్యండి" అంటూ చూపించడం మొదలుపెట్టింది. పని అలవాటు అటువంటిది.

"నాన్నా, ఆరాక నన్ను మగ్గం మీద ఎక్కిస్తావా?" అంది పిల్ల.

"నిన్ను నేస్తే ఎవరు కొంటారే? అన్నీ ముడులే."

గంజి ఆరాక ఆ కాలు ఇనప కడ్డీ అయిందని, బండి చక్రం ఎక్కినా చెక్కు చెదరదని చాలామందికి చెప్పాను. అంత లేదు. సగం ఎండ చేసిన పని. పైన పెళుసుగా, లోపల ఇంకా మెత్తగానే ఉంది. మెరుపు మాత్రం మెరిసింది. కొత్త చీరలాగా మెరిసింది. ఊరికే చూసినవాళ్ళకు కనపడకుండా, బెజవాడ కొట్లో ఇద్దామని తెచ్చిన చీరల మూటలోంచి ఒక నేత పంచె తీసి కాలికి చుట్టాను.

పొద్దు వాలింది. ఎగ్జిబిషన్ గేటు దగ్గర దీపాలు వెలగగానే పిల్ల నా జుట్టు పట్టుకుంది. దాన్ని మెడ మీద ఎక్కించుకున్నాను. విరిగిన కాలు నా ఛాతీ ముందుకు ఫిరంగిలా పొడుచుకొచ్చింది. ఆ ఫిరంగికి జనం వాళ్ళంతట వాళ్ళే దారిచ్చారు. బజ్జీల నూనె వాసన, మైకుల్లో పాటలు, పళ్ళెం కంటే పెద్ద అప్పడాలు, చెక్కల బావి గోడ మీద గిర్రున తిరిగే మోటారు సైకిలు చప్పుడు. అదేమీ దానికి పట్టలేదు. "అదుగో, అదుగో" అంటూ నా తల అటు తిప్పుతోంది.

చక్రం దుర్గమ్మ కొండంత ఎత్తుంది. కాదు, సినిమా హాలంత. సరే, సినిమా హాలు కంటే కొంచెం తక్కువే, కాని కింద నిలబడి చూస్తే నాకు అలాగే ఉంది. తొట్టెలు ఎర్రవీ పచ్చవీ, ఒక్కోదానిలో ఎదురెదురుగా రెండు చెక్కబల్లలు. వరసలో నిలబడ్డాం. పిల్లను కిందికి దించి చంకనెత్తుకున్నాను. ఇంక మా ముందు ఒక్క కుటుంబమే ఉంది. అప్పుడొచ్చింది మేక.

మొక్కజొన్న పొత్తుల ఆకుల కోసం మైదానంలో తిరిగే మేక అది. కాలికి చుట్టిన పంచె అంచు వాసన చూసింది. కాలివేళ్ళు వాసన చూసింది. ఇంకేముంది, అన్నం గంజి. నాకడం మొదలుపెట్టింది. పిల్ల మెలికలు తిరిగి నవ్వుతోంది, నేను అటు తిరిగితే మేక అటు తిరుగుతోంది, పంచె ఊడి కింద పడింది. మేక సగం కట్టు తినేసిందని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పింది నేనే. అది నాకింది, అంచు దగ్గర గాజుగుడ్డ ఒక పోగు పీకింది, మా ఆవిడ చెప్పు తీస్తే పోయింది.

కాని కట్టు బయటపడింది. చక్రం తిప్పే మనిషి గొలుసు అడ్డం పెట్టేశాడు.

"పిండికట్టా? కుదరదండీ."

"డాక్టరు గారే ఎక్కించమన్నారండీ. ఎముకకి గాలి తగలాలంట" అన్నాను.

"ఏ డాక్టరు?"

"పెద్ద డాక్టరు. మద్రాసు."

"మన ఊరి డాక్టరు గారేగా నాన్నా" అంది పిల్ల.

ఆయన నవ్వలేదు. "చూడండి బాబాయ్, నాకూ పిల్లలున్నారు. కాలు తొట్టిలోంచి బయటికొస్తుంది. తిరిగేటప్పుడు ఇనప కమ్మీకి తగిలిందనుకోండి, ఇంకోచోట విరుగుద్ది. తర్వాత మీరేమనుకున్నా నేనేం చెయ్యను?"

న్యాయమైన మాట. నా దగ్గర ఇంకో అబద్ధం లేదు. రేపు ఈ చక్రం ఇక్కడ ఉండదు. పిల్ల ఏడవలేదు. ఎర్ర తొట్టి ఒకటి మా ముందుకొచ్చి ఆగితే దాన్ని చేత్తో తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "పోదాం నాన్నా" అంది.

"మీరు పక్కకు జరగండి" అంది మా ఆవిడ నాతో. చీరల మూట నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, అందులో ఎదురుగా కూర్చుంటే దాని కాలు నా ఒళ్ళోకి వస్తుందా?"

"వస్తుందమ్మా. కాని చక్రం ఊగుద్ది. కాలు జారితే?"

"జారదు."

కింద పడ్డ పంచె దులిపి, పిల్లతో తొట్టిలో కూర్చుంది. కాలిని ఒళ్ళోకి తీసుకుని, పంచెతో తన నడుముకూ దానికీ కలిపి చుట్టి ముడి వేసింది. తెగిన పోగుని అతికేటప్పుడు మా ఇళ్ళలో ఆడవాళ్ళు వేసే ముడి అది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆయన వంగి లాగి చూశాడు. అటునుంచి కూడా లాగాడు. కమ్మీకీ వేళ్ళకూ మధ్య జానెడు ఖాళీ ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"మీకు కళ్ళు తిరిగితే ఎలాగమ్మా?"

"తిరిగితే కళ్ళే కదా తిరిగేది. చేతులు వదలను."

మా ఆవిడ అంతకుముందు మా డాబా మెట్లు కూడా గోడ పట్టుకుని ఎక్కేది.

గొలుసు తీశాడాయన. "మీరూ ఎక్కండి, చోటుంది" అన్నాడు నాతో. ముగ్గురం ఎక్కామనీ, పైనుంచి గన్నవరం విమానాలు కనిపించాయనీ నేను మీకు చెప్పి ఉండొచ్చు. అప్పుడు చెప్పినవాళ్ళంతా క్షమించాలి. నేను మూట చూసుకోవాలన్నాను. మూటను ఎవరూ ఎత్తుకుపోరు. అంత ఎత్తు ఎక్కడానికి నాకే ధైర్యం చాల్లేదు.

కిందే నిలబడ్డాను. ఎర్ర తొట్టి మెల్లగా లేచింది. మా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులతో ఆ కాలిని పసిబిడ్డలా కావలించుకుంది. పిల్ల తల ఎత్తి పైకి చూస్తోంది. తొట్టి దీపాల్లో కలిసిపోయింది. నేను తల వెనక్కి వాల్చి, ఏదైనా కేక వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ వినపడలేదు. అటువైపు నుంచి దిగివచ్చేటప్పుడు చూస్తే పిల్ల నోరు తెరిచి ఉంది, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. మా ఆవిడ ఒక కన్ను తెరిచింది. మళ్ళీ పైకి వెళ్ళారు. కట్టు ఉన్న పిల్ల ఎక్కిందని ఆయన చక్రాన్ని నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా తిప్పిస్తున్నాడు. మరోసారి కిందికి వచ్చేసరికి మా ఆవిడ రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. జుట్టు ముడి ఊడిపోయింది. చేతులు మాత్రం కాలి మీదే ఉన్నాయి. నన్ను దాటిపోతూ గొంతెత్తి పిలిచింది.

"ఏవండీ, కొంచెం గట్టిగా తిప్పమని చెప్పండి."

నేను చెప్పలేదు. చక్రం మనిషే విన్నాడు. నా వంక చూసి, ఏమంటారన్నట్టు తలెగరేశాడు. నేను చీరల మూటను గుండెకు హత్తుకుని, తల ఊపాను.